పుర్రెకో బుద్ధి, చెవికో పాట



"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అని మన పెద్దలు చెప్పిన మాట మనకందరికి తెలిసినదే. జిహ్వ సంగతి అటుంచి చెవి సంగతి చూస్తే అది ఇంకా కష్టమైనది. విస్తరిలో నచ్చని కూర ఉంటే పక్కకు నెట్టి పెరుగన్నము తినవచ్చును. నచ్చని పాట అలా కాదు. గదిలో రేడియో పాడుతుంటే ఆ గదిలో ఉన్నవారందరు వినవలసినదే. కంటికి రెప్ప ఉన్నది గాని చెవికి రెప్ప లేదు.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములో ఉన్న మనకు ఈ సంగతి మరీ బాగుగా తెలియును. ఇక్కడ ఒకే వీధిలో తెలుగు, తమిళము, కన్నడము, ఉర్దూ వినబడతాయి. తరతరాలుగా ఈ నేలమీదనే ఉన్న తెలుగువారు ఉన్నారు. సిప్కాట్ ఫ్యాక్టరీలలో పని కొరకు వచ్చి ఇక్కడనే ఇల్లు కట్టుకొని స్థిరపడినవారు ఉన్నారు. నేడు చేతిలోని ఫోనులోనే ఇంటర్నెట్ రేడియో వస్తున్నది. ఒక తెలుగు స్టేషను పెడితే ఇంట్లో అవ్వకు ఘంటసాల పాటలు కావలెను. కొడుకుకు తాను కాలేజీలో ఉన్ననాటి పాటలు కావలెను. బడిలో తమిళము చదువుకునే మనుమరాలికి ఈ సంవత్సరపు పాటలు కావలెను, అవి కూడా తమిళములో. ఇంట్లో వినబడే ఫిర్యాదులే స్టేషను వారికి కూడా చేరతాయి. "ఎప్పుడు పెట్టినా పాతవేనా?" అని ఒకరు అడుగుతారు. "ఎప్పుడు పెట్టినా ఈ గోలేనా, పాతవి వేయరేమి?" అని ఇంకొకరు అడుగుతారు. ఇద్దరు విన్నది ఒకే గంట కార్యక్రమము.

ఇది ఇష్టాయిష్టాల సంగతి, దీనిలో నీతి అనే మాట ఎందుకు అని కొందరు అడగవచ్చును. నీతి ఉన్నదనే మేము తలస్తున్నాము. ఎందుకనగా ఒకరి పాటకు ఇచ్చిన మూడు నిమిషములు ఇంకొకరి పాట దగ్గర నుండి తీసుకున్నవే. పంచవలసినది ఏదైనా ఉన్నచోట న్యాయము అనే ప్రశ్న వచ్చి తీరుతుంది. పెండ్లి పంక్తిలో వడ్డించేవానికి ఎట్టి బాధ్యత ఉన్నదో పాటలు ఎంచేవానికి కూడా అట్టిదే ఉన్నది. మరి వినేవారి మాట ఏమిటి? వారికి మీట తిప్పే హక్కు మాత్రమే ఉన్నదా, ఏదైనా బాధ్యత కూడా ఉన్నదా? ఈ రెండు ప్రశ్నలను గూర్చి కలిసి ఆలోచించుదము.

పై నుండి రుచి నేర్పిన కాలము

మొదట మన దేశములోనే జరిగిన ఒక సంగతి చూతము. 1952లో బి.వి. కేస్కర్ కేంద్ర ప్రభుత్వములో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. ఆయన శాస్త్రీయ సంగీతము మీద ప్రేమ గల మనిషి. సినిమా పాటలు జనుల అభిరుచిని పాడుచేస్తున్నాయని ఆయన నమ్మకము. ఆయన కాలములో ఆలిండియా రేడియోలో సినిమా పాటలకు సమయము బాగా తగ్గించారు. సినిమా నిర్మాతలతో తగవు కూడా వచ్చి కొంతకాలము ఆ పాటలు దాదాపుగా వినబడకుండా పోయినవి.

అప్పుడు శ్రోతలు ఏమి చేశారు? శాస్త్రీయ సంగీతము వినడము నేర్చుకున్నారా? కొందరు నేర్చుకొని ఉండవచ్చును. చాలామంది మాత్రము రేడియో ముల్లును సిలోను వైపు తిప్పారు. కొలంబో నుండి షార్టువేవ్ మీద సినిమా పాటలు ధారాళముగా వచ్చేవి. అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలైనది కూడా ఆ 1952లోనే. బుధవారము రాత్రి దేశమంతట ఎందరో దాని కొరకు కాచుకొని ఉండేవారు. తుదకు ప్రభుత్వమే దారికి వచ్చి 1957 అక్టోబరు 3న వివిధభారతిని ప్రారంభించినది. సినిమా పాటలు మరల మన రేడియోలోనికి వచ్చినవి.

కేస్కర్ గారిని ఎగతాళి చేసి వదిలివేయడము సులభమే. అయితే అది న్యాయము కాదు. ఆయన చేసిన మేలు కూడా ఉన్నది. రాజాస్థానాలు పోయి ఆదరణ కోల్పోయిన విద్వాంసులకు రేడియో అన్నము పెట్టినది. టిక్కెట్టు కొని కచేరీకి వెళ్ళలేని పేదవాడు కూడా ఇంటి అరుగు మీద కూర్చొని గొప్ప విద్వాంసుల గానము విన్నాడు. సినిమా పాటకు బదులుగా లలిత సంగీతమును కూడా రేడియో పెంచినది. మన తెలుగులో బాలాంత్రపు రజనీకాంతరావు గారు (1920-2018) వంటివారు అందుకు ఎంతో పాటుపడ్డారు. విజయవాడ కేంద్రము నుండి వచ్చిన లలిత గీతాలు, భక్తిరంజని ఈనాటికీ పెద్దవారి జ్ఞాపకములో ఉన్నవి.

గనుక మంచి పాటను వినిపించడము తప్పు కాదు. అది ఎంచేవాని బాధ్యతలో ఒక భాగమే. అయితే ఇంకొక ద్వారము మూసివేసి, ఇదే నీకు మంచిది, దీనినే విను అనడము వేరు. తలుపు తెరచి పిలిస్తే వచ్చేవాడు వస్తాడు. తలుపు మూసి కూర్చోబెడితే కిటికీలో నుండి దూకి పోతాడు. ఆ రోజులలో కిటికీ పేరు సిలోను.

హార్మోనియము కథ

రెండవ ఉదాహరణ మన సంఘములకు ఇంకా దగ్గరిది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును తన ప్రసారముల నుండి బహిష్కరించినది. అది యూరపు నుండి వచ్చిన వాయిద్యమని, మన సంగీతమునకు తగదని కారణము చెప్పారు. ఆ వాదములో నిజము లేకపోలేదు. హార్మోనియములో ఒక్కొక్క మెట్టుకు ఒకే స్థిరమైన స్వరము. వీణ తీగెను లాగినట్లు, గొంతును ఊపినట్లు ఒక స్వరము నుండి ఇంకొక స్వరమునకు జారడానికి దానిలో వీలు లేదు. గమకము మన సంగీతమునకు ప్రాణమని నమ్మేవారికి ఇది పెద్ద లోపమే. 1971 వరకు ఆ నిషేధము సాగినది. తరువాత కొంత కొంతగా సడలించారు.

అంటే ముప్పది ఏండ్లకు పైగా ఆ పెట్టె రేడియోలో వినబడలేదు. అదే ముప్పది ఏండ్లు అది మన ఊళ్ళలో ఎక్కడ లేదు? సురభి నాటకములో ఉన్నది. భజన మందిరములో ఉన్నది. హరికథ వేదిక మీద ఉన్నది. మన ప్రార్థన మందిరములలో, రెల్లు కప్పు కింద కూడా ఉన్నది. గురువు వద్ద పదేండ్లు కూర్చొని వీణ నేర్చుకొనే వీలు లేనివారు దానిని నేర్చుకున్నారు. ఒక చేత తిత్తి ఊదుచు, ఒక చేత మెట్లు నొక్కుచు, వందమందిని ఒక శ్రుతిలో పాడించారు. పండితుడు దానిలో లేనిది చూశాడు. పామరుడు దానితో కలిగిన మేలు చూశాడు. ఇద్దరు చూసినది నిజమే.

ఇక్కడ మనము నేర్చుకోవలసినది ఇది. ఒక సంగీతమును గూర్చి నాకు తెలిసినది ఎదుటివానికి తెలియకపోవచ్చును. అయితే ఆ సంగీతము అతని బ్రతుకులో ఏమి చేస్తున్నదో అతనికి తెలిసినట్లు నాకు తెలియదు. అది అడుగకుండా తీర్పు చెప్పరాదు.

పాత కీర్తనలు, క్రొత్త పాటలు అని మన ఆరాధనలలో వచ్చే మాటలకు కూడా ఇది వర్తిస్తుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిస్తే పాట పైన రాగము, తాళము వ్రాసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) దేశీయ రాగతాళములలో కీర్తనలు కట్టిననాడు అవి క్రొత్త పాటలే. ఈనాడు వాటికి తోడుగా వాయించే హార్మోనియము కూడా ఒకప్పుడు క్రొత్తగా వచ్చినదే. ఈనాటి కీబోర్డును చూసి విసుగుకొనే పెద్దలు దీనిని తలంచుకొనుట మంచిది. అట్లే, నూరేండ్లు దాటి నిలిచిన కీర్తనను నిద్ర వచ్చే పాట అనే యౌవనస్థులు, అది ఎందరి కష్టకాలములో తోడు నిలిచినదో ఇంట్లో అవ్వను ఒకసారి అడుగుట మంచిది.

తోరపల్లి నుండి ఒక పాఠము

మూడవ సంగతి మన ప్రాంతమునకే చెందినది. రాజాజీ గారు 1878లో హోసూరు దగ్గరి తోరపల్లిలో పుట్టారు. తమిళ దేశములో 1940లలో తమిళ ఇసై ఉద్యమము అనే పెద్ద కదలిక వచ్చినది. రాజా అన్నామలై చెట్టియారు దానికి ముందు నిలిచారు. 1941లో అన్నామలై విశ్వవిద్యాలయములో సభ జరిగినది. 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘము ఏర్పడినది. రచయిత కల్కి, రాజాజీ వంటివారు దానిని బలపరచారు.

వారి మొర ఏమిటి? తమిళ ఊరిలో, తమిళ శ్రోతల ముందు జరిగే కచేరీలో త్యాగరాజు గారి తెలుగు కృతులు, సంస్కృత కృతులే ముఖ్యముగా పాడతారు. తమిళ పాటలకు చివర కొంచెము చోటు మాత్రమే దొరుకుతుంది. మాకు అర్థమయ్యే మాటలలో మాకు పాట వద్దా అని వారు అడిగారు. ఎదుటి పక్షమువారు సంగీతమునకు భాష లేదన్నారు. నాదము ముఖ్యము, మాట కాదన్నారు. ఆ వాదము చాలాకాలము సాగినది.

తెలుగువారిగా మనము ఈ కథను నిదానముగా చదువవలెను. ఆ కచేరీలలో మన భాషదే పైచేయి. అట్టి స్థలములో ఉన్నవానికి సంగీతమునకు భాష లేదు అనడము తేలిక. అయితే 1956లో భాషను బట్టి రాష్ట్రములు ఏర్పడినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రములోనే ఉండిపోయినది. 2006లో వచ్చిన చట్టము ప్రకారము తమిళనాడు బడులలో తమిళము క్రమముగా తప్పనిసరి పాఠమైనది. ఇప్పుడు బస్సులో, అంగడిలో, పండుగ మైకులో మన తెలుగు పాట వినబడకపోతే మనకు మనసు చివుక్కుమంటుంది. మాకు అర్థమయ్యే మాటలలో మాకు పాట వద్దా అని మనమే అడుగుతాము. అదే మొర, అవే మాటలు. అడిగేవారు మారారు.

మన మొర న్యాయమైనదయితే వారిది కూడా న్యాయమైనదే. వారిది సంకుచితము అయితే మనది కూడా అంతే. మన పాట ఎక్కువగా వినబడేచోట ఒక నీతి, తక్కువగా వినబడేచోట ఇంకొక నీతి పెట్టుకొనుట కుదరదు. రెండు రాళ్ళతో తూచే అంగడివానిని మనము మెచ్చుకోము గదా.

లెక్క పెడితే చాలునా?

సరే, ఎక్కువమంది కోరినది వేస్తే తగవు తీరుతుంది గదా అని ఒక ఉపాయము చెప్పవచ్చును. వినడానికి న్యాయముగానే ఉన్నది. అయితే ఎక్కువమంది అని ఎట్లు తెలుసుకొందుము?

రేడియో సిలోను, వివిధభారతి వినినవారికి ఝుమ్రీ తలైయా అనే పేరు గుర్తుండును. అది ఇప్పటి జార్ఖండులో అభ్రకపు గనులకు పేరుపొందిన చిన్న పట్టణము. కోరిన పాటల కార్యక్రమములో ఆ ఊరి పేరు వినబడని వారము ఉండేది కాదు. ఆ ఊరిలో పాటలంటే పడిచచ్చే కొందరు పోటీలు పడి కట్టలు కట్టలుగా పోస్టుకార్డులు వ్రాసేవారు. అంత పెద్ద దేశములో అంత చిన్న ఊరు ఆ విధముగా అందరి చెవులలో పడినది. వారు చేసినది తప్పు కాదు. ప్రేమతో వ్రాశారు. అయితే కార్డు వ్రాసినవారే శ్రోతలందరు కారు. చదువురాని అవ్వ కార్డు వ్రాయలేదు. పొలములో పనిచేస్తూ విన్న కూలి వ్రాయలేదు. వారికి కూడా ఇష్టమైన పాట ఒకటి ఉండే ఉంటుంది. నేటి రోజులలో కూడా ఇంతే. ఎవరు ఎక్కువగా ఫిర్యాదు చేస్తారో వారి సంఖ్య ఎక్కువ అని అనుకోరాదు.

ఒకవేళ సరియైన లెక్కే దొరికినదని అనుకుందము. నూటికి డెబ్బదిమంది క్రొత్త పాటలు కోరారు, ముప్పదిమంది పాతవి కోరారు. అప్పుడు రోజంతా క్రొత్తవే వేయవలెనా? పంక్తిలో డెబ్బదిమంది పులుసు అడిగినారని మిగిలినవారికి వట్టి అన్నము వడ్డించము గదా.

ఇంకొక ఉపాయము ఉన్నది. ఎవరికి మరీ నచ్చకుండా పోని పాటలే ఏరి వేయడము. చాలా స్టేషనులు తెలిసియో తెలియకయో ఈ దారి పడతాయి. ఫిర్యాదులు తగ్గుతాయి. అయితే ఎవరికి కోపము తెప్పించని పాట సామాన్యముగా ఎవరి కంట నీరు తెప్పించే పాట కూడా కాదు. ఉప్పు వద్దన్నవాని కొరకు ఉప్పు తీసి, కారము వద్దన్నవాని కొరకు కారము తీసి, పులుపు వద్దన్నవాని కొరకు పులుపు తీస్తే చివరకు మిగిలేది వేడినీళ్ళే.

వంతు అనే న్యాయము

పై ఉపాయములన్నిటికన్న పాత కోరిన పాటల కార్యక్రమములోనే మంచి న్యాయము ఉన్నదని మాకు తోచుచున్నది. దాని పేరు వంతు. జనరంజనిలో ఊరి పేరు, మనుష్యుల పేర్లు చదివి పాట వేసేవారు. మన పాట వచ్చే వరకు ఎవరో తెలియని ఊరివారి పాటలు విన్నాము. మన పాట వచ్చినప్పుడు వారు విన్నారు. అది నచ్చినందుకు వినడము కాదు, ఒకరి వంతును ఒకరు గౌరవించడము. అట్లు వింటూ వింటూ, నచ్చదు అనుకున్న పాటలలో ఒకటో రెండో మన నోటికి కూడా వచ్చేవి.

వంతులో ఎక్కువమందికి ఎక్కువసార్లు పాట వస్తుంది, కొద్దిమందికి కొద్దిసార్లు వస్తుంది. అయితే ఎవరికిని బొత్తిగా రాకుండా పోదు. ఒక ఇంట్లో పెద్ద కుటుంబము, చిన్న కుటుంబము ఒకే బావి నీళ్ళు తోడుకొన్నట్లు.

పాట ఎంచేవాడు ఇందులో మూడు సంగతులు పాటించవలెనని అనుకొంటున్నాము. మొదటిది, ఏ గంటలో ఏమి వేస్తారో ముందుగా చెప్పవలెను, చెప్పినది తప్పరాదు. రెండవది, కొద్దిమంది కోరే పాటకు కొంచెమైనా నిలకడయైన చోటు ఉంచవలెను. అది అర్ధరాత్రి కాకూడదు. మూడవది, తనకు మంచిదని తోచిన తెలియని పాటను అప్పుడప్పుడు పరిచయము చేయవలెను; అయితే దానిని మందు వలె గొంతులో పోయరాదు.

అభిరుచి వేరు, మనస్సాక్షి వేరు

ఇక వినేవారి సంగతి. అన్నిటిని సహించి వినవలెనా? కాదు. ఇక్కడ మనము రెండు సంగతులను కలిపివేస్తాము. నాకు నచ్చలేదు అనే మాట బలహీనముగా ఉన్నదని, దానికి బదులు ఇది చెడ్డది అని అంటాము. డప్పు మోత నచ్చకపోతే భక్తి లేదంటాము. పాట నిదానముగా ఉంటే ప్రాణము లేదంటాము.

రోములోని విశ్వాసులకు పౌలు వ్రాసిన పత్రికలో ఇట్టి తగవే ఉన్నది. ఒకడు అన్నిటిని తింటాడు, ఒకడు కూరగాయలే తింటాడు. పౌలు వారికి ఒకే భోజనము నిర్ణయించలేదు. తినేవాడు తిననివానిని చులకన చేయవద్దని, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చవద్దని నేర్పాడు. ఈ రెండు తప్పులను వేరు వేరుగా చెప్పడము గమనించండి. పాటల విషయములో కూడా యౌవనస్థులకు ఎక్కువగా వచ్చే శోధన చులకన. పెద్దలకు ఎక్కువగా వచ్చే శోధన తీర్పు.

అయితే నిజముగా అభ్యంతరము చెప్పవలసిన పాటలు కూడా ఉన్నవి. స్త్రీని అంగడి సరుకుగా చూపే పాట, ఒక కులమును గాని ఒక ఊరివారి యాసను గాని హేళన చేసే పాట, తాగుడును మగతనముగా పొగిడే పాట. వీటి విషయములో ఓర్పు గుణము కాదు. మరి ఏది అభిరుచి, ఏది మనస్సాక్షి అని ఎట్లు తెలుసుకొందుము? ఒక చిన్న పరీక్ష ఉన్నది. అవే మాటలను నాకు ఇష్టమైన రాగములో, నాకు ఇష్టమైన గాయకుడు పాడినట్లు తలంచుకొనవలెను. అప్పుడు కూడా అభ్యంతరము నిలిచితే అది మనస్సాక్షి. అప్పుడు అభ్యంతరము పోతే అది అభిరుచి మాత్రమే. ఈ పరీక్ష రెండవ వైపు కూడా పెట్టవలెను. చిన్ననాటి నుండి వింటున్న పాత పాటలలో కూడా, రాగము తీయగా ఉన్నందున మనము పట్టించుకోని చెడ్డ మాటలు దొరుకుతాయి.

ఎవరి చెవి వారిది అయిన రోజులు

ఇప్పుడు ఇంత ఆలోచన ఎందుకు, ఎవరి ఫోనులో వారు వింటే సరిపోదా అని అడగవచ్చును. ఈ ప్రశ్నకు న్యాయముగా జవాబు చెప్పవలెను. ఫోను వలన కలిగిన మేలు పెద్దది. వెనుకటి రోజులలో మీడియం వేవ్ మీద దూరపు తెలుగు కేంద్రమును పట్టుకొనడానికి రాత్రి దాకా కాచుకోవలసి వచ్చేది. పగలు ఎండ వలన పై ఆకాశములో ఏర్పడే ఒక పొర ఆ తరంగములను మింగివేస్తుంది. చీకటి పడితే ఆ పొర పలుచబడి, ఇంకా పైనున్న పొరకు తగిలి తరంగములు దూరదేశమునకు దిగుతాయి. గరగర శబ్దముల మధ్య వినబడే నాలుగు తెలుగు ముక్కల కొరకు రేడియోను కిటికీ దగ్గర అటు ఇటు తిప్పేవారు. నేడు కృష్ణగిరిలో ఒంటరిగా ఉండే ఒక తెలుగు తల్లి మధ్యాహ్నము పూట కూడా ఆకాశవాణి తెలుగు ప్రసారమును ఫోనులో స్పష్టముగా వినవచ్చును. ఊరిలో తనవంటి శ్రోత ఇంకొకరు లేకపోయినను ఆమె పాట ఆమెకు దొరుకుచున్నది. కొద్దిమందికి ఇది గొప్ప మేలు. దీనిని తక్కువగా మాట్లాడరాదు.

అయితే పోయినది కూడా ఒకటి ఉన్నది. ఇంటర్నెట్ రేడియోలో ఇంకా ఎవరో ఒకరు ఎంచుతారు, పలుమంది వింటారు. పాటల యాప్‌లలో అది కూడా లేదు. ఏ పాట చివరి దాకా విన్నామో, ఏది మధ్యలో దాటించామో యంత్రము గుర్తుపెట్టుకొని అటువంటివే మరల మరల తెచ్చి ఇస్తుంది. నాకు నచ్చనిది నా చెవిని తాకదు. తగవు తీరినది. అయితే అవ్వ ఏమి వింటున్నదో మనుమరాలికి తెలియదు. మనుమరాలు దేనికి నవ్వుకొనుచున్నదో అవ్వకు తెలియదు. ముగ్గురు ఒకే మంచము మీద కూర్చొని మూడు ఊళ్ళలో ఉన్నారు.

వలస బ్రతుకులో ఇది ఇంకా పెద్ద నష్టము. మన పిల్లలకు తెలుగు బడిలో దొరికేది తక్కువ. ఇంటి మాటలలో, ఇంటి పాటలలో దొరకవలసినదే ఎక్కువ. పెద్దవారి పాట పెద్దవారి చెవిలోనే ఆగిపోతే ఆ మాటలు కూడా అక్కడనే ఆగిపోతాయి. అట్లని బలవంతముగా వినిపిస్తే కేస్కర్ గారి కాలమువలె పిల్లలు వేరే కిటికీ వెదుక్కుంటారు. ఇక మిగిలిన దారి వంతు ఒక్కటే. పిల్ల తన తమిళ పాటను పెద్దగా పెట్టినప్పుడు అవ్వ ఆ మూడు నిమిషములు విని, ఆ మాటకు అర్థమేమి అని అడుగవలెను. అడిగిన అవ్వ పాటను ఆ పిల్ల కూడా వింటుంది. అడుగని అవ్వ పాటను వినమని ఎవరు చెప్పగలరు?

ఓర్పు అనగా నచ్చినట్లు నటించడము కాదు. నాకు ఈ పాట నచ్చలేదు అని నెమ్మదిగా చెప్పవచ్చును. అయితే దానిని కోరినవాడు నా పక్కన ఉన్నాడని, ఆ పాటతో అతనికి ఏదో ఒక బంధము ఉన్నదని గుర్తుంచుకొని చెప్పవలెను. స్టేషను వారికి వ్రాసేటప్పుడు కూడా "ఆ పాటలు ఆపండి" అని వ్రాయడానికి బదులు "ఈ పాట కూడా వేయండి" అని వ్రాయుట మేలు. మొదటి మాట ఇంకొకరి విస్తరిని లాగుతుంది. రెండవ మాట తన విస్తరిని వేయమని అడుగుతుంది.

కాబట్టి ఈ వారములో ఒక సాయంత్రము, ఇంట్లో అందరు కూడిన వేళ, చెవులలో పెట్టుకున్నవి తీసివేసి ఒక్క ఫోనును మధ్యలో పెట్టండి. ఒక్కొక్కరు ఒక్క పాట కోరండి. చిన్నవారితో మొదలుపెట్టండి. ఎవరి పాట వచ్చినప్పుడు వారు, అది తమకు ఎందుకు ఇష్టమో రెండు మాటలు చెప్పండి. మిగిలినవారు చివరి దాకా వినండి. ఎన్ని పాటలు నచ్చినవో లెక్కపెట్టనక్కరలేదు. మీ ఇంటివారిని గూర్చి అంతవరకు తెలియనిది ఏదైనా తెలిసినదా అని మాత్రము చూసుకొనండి.